ప్యాంట్ టైపా, టేప్ టైపా, ప్యాడా? పెద్దవాళ్లకు లీక్ కాని డైపర్ ఎంచుకోవడం

ఇంట్లో అమ్మకో నాన్నకో మొదటిసారి డైపర్ కొనాల్సి వచ్చినప్పుడు మెడికల్ షాపులో సాధారణంగా అడిగే మాట ఒకటే: "ఎక్కువ పీల్చేది ఇవ్వండి." షాపతను ఉన్నవాటిలో ఖరీదైన ప్యాకెట్ తీసి ఇస్తాడు. మర్నాడు పొద్దున చూస్తే పక్క తడిసే ఉంటుంది. ఈసారి ఒక సైజు పెద్దది తెస్తారు. దాంతో లీక్ ఇంకా పెరుగుతుంది.

లీకైన డైపర్‌ని పడేసే ముందు ఒక్కసారి విప్పి, పరిచి చూడండి. చాలాసార్లు ముందు భాగమో, ఏదో ఒక పక్కో ఉబ్బి ఉంటుంది, మిగతాదంతా పొడిగా ఉంటుంది. పీల్చుకునే చోటు ఇంకా మిగిలి ఉండగానే మూత్రం తొడ పక్క సందులోంచి బయటికి వచ్చేసిందన్నమాట. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు జాయింటు దగ్గర కారుతుంటే ఏం లాభం? అందుకే డైపర్ ఎంచుకునేటప్పుడు మొదట ఆ మనిషి రోజులో ఎక్కువసేపు నడుస్తారా, కూర్చుంటారా, పడుకునే ఉంటారా అన్నది చూడాలి. తర్వాత తొడ దగ్గర, నడుము దగ్గర అమరిక. పీల్చే శక్తి సంగతి ఆ తర్వాత. ఇదే వరసలో చూస్తే డబ్బూ మిగులుతుంది, పెద్దవాళ్ల చర్మమూ బాగుంటుంది.

ముందుగా ఒక మాట. మొన్నటిదాకా బాగానే ఉన్న మనిషికి హఠాత్తుగా మూత్రం ఆగడం లేదంటే డైపర్ కొనేముందు డాక్టర్‌కి చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, అదుపు తప్పిన షుగర్, మలబద్ధకం, బీపీకి ఇచ్చే నీరు మాత్రలు, పక్షవాతం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మగవాళ్లలో ఒక్కోసారి ప్రొస్టేట్ గ్రంథి పెరిగి, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక, నిండిపోయింది నిండినట్టే చుక్కలుగా కారుతుంటుంది. బయటికి చూడటానికి ఇది లీకేజీలాగే ఉంటుంది. అసలు సమస్య లోపల మూత్రం నిలిచిపోవడం. దానికి డైపర్ వేసి ఊరుకుంటే కిడ్నీల మీద పడుతుంది.

లోపల ఏముంటుంది

ఏ కంపెనీ డైపర్ అయినా నిర్మాణం దాదాపు ఒకటే. ఒంటికి తగిలే పల్చని పొర తడిని కిందికి వదిలేస్తుంది. దాని కింద ఉండే పొర ఒకేసారి వచ్చిన మూత్రాన్ని కాసేపు పట్టి ఉంచి ముందుకీ వెనక్కీ పరుస్తుంది. ఆ కింద అసలు పీల్చే భాగం: దూదిలాంటి చెక్క గుజ్జు, అందులో కలిపిన సోడియం పాలీఅక్రిలేట్ పలుకులు. తడి తగిలితే జెల్లీలా ఉబ్బేది ఈ పలుకులే. అన్నిటికీ బయట నీరు కారని పొర. రెండు తొడల వైపునా లోపల నిలబడి ఉండే మెత్తటి అంచులు. లీక్ విషయంలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేవి ఈ అంచులే. ప్యాకెట్ మీద వీటి గురించి రాసేది మాత్రం తక్కువ.

ఎందుకంటే ఆ జెల్లీ పలుకులకు ఉబ్బడానికి కొంత సమయం కావాలి. ఒకసారి మూత్రానికి వెళ్తే పెద్దవాళ్లకు 250 నుంచి 400 మిల్లీలీటర్ల దాకా రావచ్చు, అదీ నిమిషం లోపే. పలుకులు దాన్ని పట్టుకునేలోపు ఆ నీరంతా ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి. ఆపేవి పక్క అంచులు. అవి లోపలికి మడతపడితే ఎంత ఖరీదైన డైపరైనా కారుతుంది. కాబట్టి ఏది కొన్నా, వేసిన తర్వాత రెండు గజ్జల దగ్గరా వేలు పెట్టి చుట్టూ తిప్పండి, మడతపడ్డ అంచు ఉంటే పైకి లాగండి. నిమిషం కూడా పట్టని పని ఇది. బ్రాండ్ మార్చక్కర్లేకుండా చాలా ఇళ్లలో లీక్ ఇక్కడే ఆగిపోతుంది.

ఇంకో విషయం. ప్రకటనల్లోనూ, షాపు డెమోల్లోనూ గ్లాసుల కొద్దీ నీళ్లు పోసి చూపిస్తారు. ఉప్పు లేని నీటిని ఆ పలుకులు తమ బరువుకి కొన్ని వందల రెట్లు పట్టుకోగలవు. మూత్రంలో లవణాలుంటాయి కాబట్టి అక్కడ ఆ సామర్థ్యం దాదాపు 30 రెట్లకు పడిపోతుంది. పైన మనిషి బరువు పడితే ఇంకా తగ్గుతుంది. మామూలు నీళ్లతో చేసిన డెమో చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ కన్నా కాస్త తక్కువ ఉప్పు కలపండి. డైపర్‌ని చదునుగా పరిచి, నడి భాగంలో ఒకే చోట ధారగా పోయండి. ఎంతసేపట్లో లోపలికి ఇంకిందో, ఎంత వెడల్పున పాకిందో చూడండి. పది నిమిషాలాగి దాని మీద పొడి టిష్యూలు పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. టిష్యూ బాగా తడిస్తే, ఆ డైపర్ పీల్చిన తడిని మళ్లీ ఒంటికే ఇస్తోందని అర్థం. రెండు కంపెనీలవి పక్కపక్కనే పెట్టి చేస్తే తేడా కళ్లకు కడుతుంది. పలచగా ఉన్నదల్లా నాసిరకం అనుకోకండి. గుజ్జు తగ్గించి పలుకులు ఎక్కువ వేస్తే డైపర్ పలచగానే ఉంటుంది, బాగానే పీలుస్తుంది.

ప్యాంట్ టైప్: లేచి తిరిగేవాళ్లకు

డ్రాయర్‌లా కాళ్ల నుంచి పైకి లాక్కుని వేసుకునేది ప్యాంట్ టైప్. నడుము చుట్టూ, తొడల చుట్టూ సన్నటి ఎలాస్టిక్ దారాలుంటాయి. జపాన్‌లో యూనిచార్మ్ కంపెనీ 1995లో లైఫ్రీ పేరుతో పెద్దవాళ్ల ప్యాంట్‌ని తెచ్చినప్పుడు దాన్ని రిహాబిలిటేషన్ ప్యాంట్ అని పిలిచింది. మంచానికే పరిమితం కాకుండా, లేచి బాత్రూమ్‌కి వెళ్లే అలవాటు పోకుండా ఉండాలన్నది అందులోని ఆలోచన. ఇప్పుడు అదే కంపెనీకి మన శ్రీసిటీలోనూ ఫ్యాక్టరీ ఉంది. కొనేటప్పుడు ఆ మొదటి ఉద్దేశం గుర్తుంచుకుంటే ఎంపిక తేలికవుతుంది: సొంతంగానో, చెయ్యి పట్టుకునో లేచి నిలబడగలిగేవాళ్లకు ప్యాంట్. బాత్రూమ్ దాకా వెళ్లగలరు కానీ వెళ్లేలోపు ఆగదు అనేవాళ్లకు, దగ్గినా తుమ్మినా కొంచెం పడేవాళ్లకు, ప్రయాణాల్లో టెన్షన్ పడేవాళ్లకు ఇదే సరైనది.

మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. ఈ ప్యాంట్లు కుర్చీల్లో కూర్చునే అలవాటును దృష్టిలో పెట్టుకుని రూపొందించినట్టు ఉంటాయి. మన పెద్దవాళ్లు నేల మీద బాసింపట్టు వేసి కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు తొడలు విడిపోయి గజ్జల దగ్గర అంచు ఎత్తుకుంటుంది, లోపలి పీల్చే భాగం ఒక పక్కకి జరుగుతుంది. పూజ దగ్గరో, భోజనం దగ్గరో గంట కూర్చుని లేచేసరికి చీర వెనక తడి కనబడటానికి కారణం ఇదే. కుర్చీ కానీ చిన్న పీట కానీ వేస్తే సగం సమస్య తీరుతుంది. కిందే కూర్చుంటాం అనేవాళ్లకు తొడ దగ్గర ఎలాస్టిక్ ఒకే దారంగా కాకుండా వెడల్పు పట్టీలా, నాలుగైదు దారాలతో ఉన్నది చూసి కొనండి.

మన మామూలు టాయిలెట్‌లో గొంతుక్కూర్చునేవాళ్లకైతే ప్యాంట్ మోకాళ్ల దాకా దింపితే ముందు భాగం మడతపడి నేలకు తగులుతుంది. పూర్తిగా విప్పి వేసుకోవడం అలవాటు చేయాలి, లేదంటే కమోడ్ కుర్చీ వాడాలి.

మార్చేటప్పుడు తడిసిన ప్యాంట్‌ని కాళ్ల మీదుగా కిందికి లాగకండి. రెండు పక్కలా కుట్టు ఉన్నచోట చింపితే విడిపోతుంది. అలా తీయడానికే ఆ కుట్టు పెట్టారు. కాళ్ల మీదుగా లాగితే మలం ఉన్నప్పుడు కాళ్లన్నీ పాడవుతాయి. పైగా నిలబడలేని మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టాల్సి వస్తుంది, పడిపోయి తుంటి విరిగే ప్రమాదం ఉంది. కొత్తది వేయడానికి ముందు మంచం అంచున కూర్చోబెట్టి రెండు కాళ్లూ దూర్చి మోకాళ్ల దాకా లాగండి, ఆ తర్వాత ఒక్కసారి మాత్రమే లేపి పైకి లాగండి.

ప్యాంట్‌కి ఉన్న అసలు బలహీనత బరువు. రెండు మూడుసార్లు తడిసేసరికి మధ్య భాగం బరువెక్కి కిందికి వేలాడుతుంది, తొడ దగ్గర సందు ఏర్పడుతుంది. నడుము ఎలాస్టిక్ ఎంత బిగువున్నా ఆ బరువు మోయలేదు. పగలు మూడు నాలుగు గంటలకోసారి మార్చగలిగితే ప్యాంట్ బాగా పనిచేస్తుంది. రాత్రంతా ఒకే దానితో గడపాలంటే టేప్ టైపే మేలు.

టేప్ టైప్: మంచం మీద ఉన్నవాళ్లకు

చాలామంది స్టిక్కర్ డైపర్ అని కూడా అంటారు. పడుకోబెట్టే మార్చవచ్చు, లేపక్కర్లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు వేరే ఆలోచనే వద్దు, ఇదే. ప్యాంట్ అయితే నాజూగ్గా ఉంటుందని మంచం మీద ఉన్న మనిషికి తెస్తే మార్చేవాళ్ల నడుము విరుగుతుంది, మార్చిన ప్రతిసారీ పెద్దవాళ్లకు నొప్పి.

టేప్ టైప్‌లో లీక్‌కి ఎక్కువగా కారణమయ్యేది వేసే పద్ధతి. మనిషిని ఒక పక్కకి తిప్పి, డైపర్‌ని పొడవునా సగానికి మడిచి దోనెలా చేసి కాళ్ల మధ్య నుంచి వెనక్కి పరవాలి. అలా దోనెలా చేస్తే పక్క అంచులు నిలబడతాయి, మధ్య భాగం గజ్జలకు ఆనుతుంది. తర్వాత వెల్లకిలా తిప్పి ముందు భాగం లాగాలి. నాలుగు టేపులుంటే కింది రెండూ ముందు పెట్టాలి, కొంచెం పైకి ఏటవాలుగా. అప్పుడే తొడ చుట్టూ బిగువు వస్తుంది. పై రెండూ కొంచెం కిందికి ఏటవాలుగా పెడితే నడుము దగ్గర కుదురుకుంటుంది. నాలుగింటినీ అడ్డంగా పెట్టేస్తే నడుము బిగుస్తుంది, తొడ దగ్గర వదులైపోతుంది. కేర్‌టేకర్‌ని పెట్టుకున్నవాళ్లు మొదటి రోజే దగ్గరుండి ఇది ఒక్కసారి చూపించండి.

మగవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ చెప్పి తీరాలి. డైపర్ మూసేముందు అంగం కిందికి ఉండేలా సర్దాలి. పైకో పక్కకో ఉంటే మూత్రం నేరుగా నడుము అంచుకో తొడ అంచుకో కొడుతుంది, డైపర్ దాదాపు పొడిగానే ఉండి పొట్ట మీద బట్టలు తడుస్తాయి. ఆడవాళ్లకు తడి ఎక్కువగా మధ్య నుంచి వెనక్కి పోతుంది, కాబట్టి వెనక భాగం పైదాకా రావాలి. ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి పడుకునేవాళ్లకు ఆ పక్క తొడ దగ్గరే కారుతుంది. ఆ వైపు కింది టేపు కొంచెం బిగువుగా పెట్టండి, పడుకునే పక్క మారుస్తూ ఉండండి. పక్క మార్చడం పడక పుండ్లు రాకుండా కూడా కాపాడుతుంది.

టేపు ఒకసారి అంటించాక విప్పి మళ్లీ పెట్టుకునే రకమేనా అన్నది కొనేముందు చూడండి. మంచం మీద ఉన్నవాళ్లకు తడిసిందో లేదో విప్పి చూడాల్సి వస్తుంటుంది. బయట పసుపు గీత తడికి నీలంగానో ఆకుపచ్చగానో మారే రకమైతే విప్పే అవసరమే తగ్గుతుంది, రాత్రి నిద్ర చెడదు.

ప్యాడ్లు, అండర్‌ప్యాడ్, పాత బట్ట

చుక్కలు చుక్కలుగా మాత్రమే పడేవాళ్లకు పూర్తి డైపర్ అక్కర్లేదు. లోదుస్తుల్లో అంటించుకునే యూరిన్ ప్యాడ్ చాలు. నెలసరి ప్యాడ్ దీనికి పనికిరాదు. అది చిక్కగా, నెమ్మదిగా వచ్చే రక్తం కోసం చేసింది. మూత్రం పలచగా ఒక్కసారిగా వస్తే దాని మీద నుంచి జారిపోతుంది. అదే కారణంతో బాలింతలకు కూడా మొదటి రోజుల్లో యూరిన్ డైపర్ కన్నా నెలసరి కోసం చేసిన డిస్పోజబుల్ ప్యాంటీ మేలు, వెనక భాగం పొడవుగా ఉన్నది చూసుకోవాలి.

డైపర్ లోపల ఇంకో ప్యాడ్ పెడితే ఎక్కువసేపు వస్తుందని కొందరు పెడతారు. ఆ ప్యాడ్‌కి అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే కింది డైపర్‌కి తడి చేరదు, పక్కల నుంచి కారుతుంది. లోపల పెట్టడానికే అడుగు పొర లేకుండా చేసిన బూస్టర్ ప్యాడ్లు దొరికితేనే అలా వాడండి.

అండర్‌ప్యాడ్ మంచానికి, మనిషికి కాదు. సాధారణంగా 60 × 90 సెంటీమీటర్ల సైజులో వస్తుంది. మార్చేటప్పుడు కింద పరచడానికి, రాత్రి భయం లేకుండా ఉండటానికి బాగుంటుంది. ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు పరవొద్దు. ముడతలు పడి వీపు ఒరుసుకుంటుంది, చెమట పడుతుంది.

రబ్బరు షీటు మీద మడిచిన పాత కాటన్ చీర, పంచె ముక్క మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. దాన్ని తీసిపారేయకండి. గజ్జల్లో ఎర్రబడినప్పుడు, పగలు ఎవరో ఒకరు పక్కనే ఉన్నప్పుడు రెండు మూడు గంటలు డైపర్ తీసేసి బట్ట మీద గాలి తగలనివ్వడం కంటే మంచి మందు లేదు. తడిసిన వెంటనే మార్చే మనిషి ఉండాలి, అంతే.

సైజు ఎలా చూడాలి

కొలత టేపు తీసుకుని నడుము చుట్టూ, తుంటి చుట్టూ రెండు చోట్లా కొలవండి. రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్ని ప్యాకెట్ మీద అంగుళాల పట్టికతో పోల్చండి. ఒక కంపెనీ లార్జ్, ఇంకో కంపెనీ మీడియం దాదాపు ఒకే కొలతలో ఉండొచ్చు, కాబట్టి అక్షరాన్ని నమ్మకండి. రెండు సైజుల మధ్య పడితే, పొట్ట పెద్దగా ఉండి కాళ్లు సన్నగా ఉన్నవాళ్లకు చిన్నదే ప్రయత్నించండి. వయసు మీద పడ్డాక తొడలు చిక్కిపోతాయి, పొట్ట అలాగే ఉంటుంది. నడుము చూసి కొన్న డైపర్ తొడ దగ్గర వదులుగా ఉండేది ఇందుకే. వేసిన తర్వాత తొడ అంచు కింద రెండు వేళ్లు పట్టాలి. అంతకంటే ఎక్కువ సందు ఉంటే పెద్దదైంది, తీసినప్పుడు ఎర్రటి గాడి పడి చాలాసేపు పోకపోతే చిన్నదైంది.

ప్యాకెట్ల మీద రాసే మిల్లీలీటర్ల లెక్క ప్రయోగశాలది. ఐఎస్‌ఓ 11948-1 అనే పద్ధతిలో డైపర్‌ని మొత్తంగా ఉప్పు నీళ్లలో నానబెట్టి, నీరు కారనిచ్చి, ఎంత పట్టిందో తూస్తారు. ఒంటి మీద అంతా తడవదు, కదలికలుంటాయి, బరువు పడుతుంది. అందుకని అంత పట్టకముందే లీకవుతుంది. మీకు అసలు కావాల్సింది మీ ఇంట్లో మనిషికి రాత్రి ఎంత వస్తుందన్న లెక్క. వంటింటి వెయింగ్ మెషీన్ మీద పొడి డైపర్ తూచండి, పొద్దున తీసిన తడి డైపర్‌ని కవర్‌లో పెట్టి తూచండి. తేడా గ్రాముల్లో ఎంతుంటే దాదాపు అన్ని మిల్లీలీటర్లు. 500 వస్తే ఒక మామూలు డైపర్ సరిపోవచ్చు. 900 వస్తుంటే ఓవర్‌నైట్ రకం కావాలి, లేదా అర్ధరాత్రి ఒకసారి మార్చాలి. ఈ లెక్క రెండు మూడు రాత్రులు రాసి పెట్టుకుంటే డాక్టర్‌కి కూడా పనికొస్తుంది. కాళ్ల వాపులున్నవాళ్లకు పగలు కాళ్లలో దిగిన నీరు పడుకున్నాక మూత్రంగా వస్తుంది కాబట్టి రాత్రి లెక్క ఎక్కువే ఉంటుంది.

డైపర్ తడుస్తుందని నీళ్లు తగ్గించే పెద్దవాళ్లు ఎంతోమంది. దయచేసి అలా చేయనివ్వకండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్ రావచ్చు, మలబద్ధకం కూడా వస్తుంది. మలబద్ధకం మూత్రాశయాన్ని నొక్కి లీక్‌ని ఇంకా పెంచుతుంది. గుండె, కిడ్నీ సమస్యలతో డాక్టర్ నీళ్లకు హద్దు పెడితే తప్ప, పగటి పూట మామూలుగానే తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు.

ఎండాకాలం, చర్మం

మే నెలలో కరెంటు పోతే డైపర్‌లో ఉన్న మనిషి పరిస్థితి ఊహించండి. బయటి పొర రెండు రకాలుగా వస్తుంది. ఒకటి పూర్తిగా ప్లాస్టిక్, చేత్తో నలిపితే శబ్దం చేస్తుంది. రెండోది బట్టలా మెత్తగా తగిలే రకం. అందులో చాలావాటిలో సుద్దపొడి కలిపి సాగదీసిన ప్లాస్టిక్ పొర ఉంటుంది, సాగదీసినప్పుడు కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి, ఆవిరి బయటికి పోతుంది, నీరు పోదు. మన వేడికి ఈ రెండో రకమే కొనండి, ఖరీదు కొంచెం ఎక్కువైనా. బయట చెయ్యి పెడితే ఒక్కోసారి చెమ్మగా అనిపిస్తుంది. అది ఆవిరే అయ్యుండొచ్చు. దుప్పటి తడవకపోతే కంగారు పడి బ్రాండ్ మార్చకండి.

మార్చిన ప్రతిసారీ నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, గజ్జల మడతల్లో తడి లేకుండా ఆరనివ్వాలి. టాల్కం పౌడర్ వద్దు, తడికి ఉండలు కట్టి ఒరుసుకుంటుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమ్ పలుచగా రాస్తే మూత్రానికీ చర్మానికీ మధ్య అడ్డు ఉంటుంది. మందంగా పూస్తే ఆ క్రీమ్ డైపర్ పై పొరకు అంటుకుని తడి ఇంకకుండా చేస్తుంది, చివరికి లీక్‌కి అదే కారణమవుతుంది. ఎర్రదనం చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తే ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు. నడుము కింది ఎముక దగ్గర నొక్కినా తెల్లబడని ఎరుపు కనిపిస్తే అది పడక పుండుకి మొదలు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మలం పడిన డైపర్‌ని ఇంకా పీల్చే చోటుందని ఉంచకూడదు, వెంటనే మార్చాలి.

ఖర్చు లెక్క

ప్యాకెట్ ధర చూడకండి, ఒక్కో డైపర్‌కి ఎంత పడుతుందో, రోజుకు ఎన్ని అవుతాయో చూడండి. ఉదాహరణకు ఒకటి 40 రూపాయలు, రోజుకు మూడు అనుకుందాం: రోజుకు 120, నెలకు 3,600. ఇంకొకటి 30 రూపాయలే, కానీ సరిగ్గా ఆగక రోజుకు ఐదు పడుతుంటే నెలకు 4,500, దుప్పట్లు ఉతికే చాకిరీ అదనం. ప్యాంట్ టైప్ సాధారణంగా టేప్ టైప్ కన్నా కొంచెం ఎక్కువ ధర ఉంటుంది. అందువల్ల నడిచేవాళ్లకు కూడా పగలు ప్యాంట్, రాత్రి టేప్ అన్న కలయిక బాగా కుదురుతుంది. లీకూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కొత్త బ్రాండ్ ఏదైనా మొదట చిన్న ప్యాకెట్టే తెచ్చి ఒక పగలు, ఒక రాత్రి చూసి, తర్వాతే పెద్ద ప్యాక్ తీసుకోండి. తెరిచిన ప్యాకెట్‌ని బాత్రూమ్‌లో పెట్టకండి, గాలిలో తేమ లోపలి పలుకులకు చేరుతుంది. కోస్తాలో, వానాకాలంలో మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టడం మంచిది.

వాడిన డైపర్‌ని ఎప్పుడూ టాయిలెట్‌లో పడేయకూడదు, పెరట్లో కాల్చకూడదు. మలం ఉంటే ముందు టాయిలెట్‌లో దులిపి, లోపలికి చుట్టి, టేపుతో మూసి, కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఇలా చుట్టి ఇవ్వడాన్ని ఇంటివాళ్ల బాధ్యతగా చెప్పాయి, చుట్టడానికి కవర్లు ఇవ్వాలని తయారీదారులకూ చెప్పాయి. తడి చెత్తలో కలిపితే చెత్త బండి దగ్గర వాటిని చేత్తో ఏరాల్సింది పారిశుధ్య కార్మికులే.

ప్రయాణాలు, పెద్దవాళ్ల మాట

తిరుమల క్యూలో, కాశీ రైల్లో, పెళ్లిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మార్చే చోటు దొరకదు. అలాంటి రోజు నడిచే మనిషికి కూడా మామూలుగా వాడే ప్యాంట్ కన్నా ఎక్కువ పీల్చేది వేసి, సంచిలో రెండు అదనంగా, ఒక అండర్‌ప్యాడ్, ఒక జత బట్టలు పెట్టుకోండి. ముందు రోజు ఇంట్లో అదే రకం వేసి చూసుకుని బయల్దేరండి. ప్రయాణం రోజు కొత్త బ్రాండ్ ప్రయత్నించకండి.

చివరిగా, ఏది కొనాలన్నది మీరొక్కరే తేల్చేయకండి. వేసుకునేది వాళ్లు. ఒకటి ప్యాంట్, ఒకటి టేప్ తెచ్చి, తలుపు వేసి, వేరే ఎవరూ లేనప్పుడు చూపించండి. "అమ్మా, రెండూ వేసి చూద్దాం, నీకు ఏది హాయిగా ఉంటే అదే తెస్తా" అంటే చాలామంది వద్దనరు. మామగారైతే కోడలు చెప్పడం కన్నా కొడుకు చెప్పడం మేలు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, మనవల ముందు డైపర్ ఊసు ఎత్తకండి. ప్యాకెట్లు హాల్లో కనిపించేలా పెట్టకండి. గంటకోసారి "తడిసిందా?" అని అడగడం కన్నా రెండు గంటలకోసారి "బాత్రూమ్‌కి వెళ్దామా?" అని అడిగితే లేవగలిగే చాలామందికి డైపర్ వాడకమే సగానికి తగ్గుతుంది. మంచం పక్కనే కమోడ్ కుర్చీ, మగవాళ్లకు యూరినల్ బాటిల్, దారిలో ఒక చిన్న నైట్ ల్యాంప్, ఈ మూడూ డైపర్‌తో పాటే కొనండి.